తల, తోక ఆయనవి, కడుపు నాది

జొన్న ఆకు వెనక గుంపుగా అంటుకొని ఉండే పసుపుపచ్చని పేనుబంకను చూస్తే మా వైపు రైతులు తిట్టుకుంటారు. ఆకంతా జిగురుపడి మీద మసి పేరుకుంటుంది, ఆ చొప్పను పశువులు సరిగా ముట్టవు. నేనూ తిట్టుకుంటాను గానీ నా కారణం వేరు. ఆ పురుగు మూలంగా ఎమ్మెస్సీ చదువు నాకు అందకుండా పోయింది. ఇట్లా అంటే పురుగు మీద నింద వేసినట్టవుతుంది. పాపం, అది నాకేమీ చెయ్యలేదు. చేసింది ఒక మనిషి. నేను నోరారా ‘అన్నా’ అని పిలిచిన మనిషి.

పందొమ్మిది వందల అరవైలలో సంగతి ఇది. నల్గొండలో కొత్తగా పెట్టిన ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో డిగ్రీ పూర్తిచేసి, అక్కడే జంతుశాస్త్రం ల్యాబులో తాత్కాలికంగా డెమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. మాది కేతేపల్లి దగ్గర గొర్లు కాసే కుటుంబం. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. చిన్నప్పుడు ఈనే గొర్రెకు పిల్ల అడ్డం తిరిగితే నాయిన నన్నే పిలిచేవాడు. నా చెయ్యి సన్నగా ఉండేది. లోపల తడిమి, కాలేదో మెడేదో చేత్తోనే పోల్చుకొని నెమ్మదిగా సర్దేవాణ్ణి. అందుకేనేమో, కాలేజీలో కప్పను కోసినా బొద్దింకను కోసినా నాకు చెయ్యి వణికేది కాదు.

మా సారు కోస్తా నుంచి వచ్చినవారు. మంచి మాటకారి. ఆయనకు పేనుబంక అంటే పిచ్చి. క్లాసులో చెప్పేటప్పుడు బల్ల మీద చెయ్యి చరిచి, “చూడండర్రా, ఈ పురుగులో ఆడదానికి మగవాడితో పనే లేదు. పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. గుడ్డు పెట్టదు, తిన్నగా పిల్లనే కంటుంది. తల్లి కడుపులో పిల్ల, ఆ పిల్ల కడుపులో అప్పుడే మరో పిల్ల మొలక!” అనేవారు. వెనక బెంచీల్లో నవ్వులు. ఆయనకూ ఆ నవ్వులే కావాలి.

కానీ ఆయన మనసంతా ఇంకోచోట ఉండేది. ఈ పేనుబంక వంశంలో పాతకాలపు శాఖలు కొన్ని ఉన్నాయి. చలికొండల మీద, సూదుల్లాంటి ఆకులున్న చెట్లను పట్టుకొని బతుకుతాయి. అవి పిల్లల్ని కనవు. ఏ కాలమైనా గుడ్లే పెడతాయి. పిల్లల్ని కనే అలవాటు ఈ వంశానికి తర్వాత వచ్చిందన్నమాట. మరి ఆ పాత శాఖల అండాశయం ఎట్లా ఉంటుంది? అందులో గుడ్డు ఎట్లా పెరుగుతుంది? అక్కడ తేడా పట్టుకోగలిగితే, గుడ్డు పెట్టడం నుంచి పిల్లను కనడం దాకా వచ్చిన దారి తెలుస్తుందని సారు ఆశ. నల్గొండ ఎండలో ఆ చెట్లెక్కడ, ఆ పురుగులెక్కడ! ఉత్తరాన కొండల్లో పనిచేసే తన స్నేహితుడొకాయనకు చెప్పి, స్పిరిటులో వేసిన పురుగుల సీసా ఒకటి తెప్పించారు.

సీసా వచ్చిన రోజు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకొని మాకు చూపించారు. దూది పీచులాంటి తెల్లటి పొరల నడుమ చిన్నచిన్న నలుసులు. మూత తియ్యనియ్యలేదు. అప్పటికి పరీక్షలు దగ్గరపడ్డాయి, పని సెలవుల తర్వాత మొదలుపెడదామన్నారు. ఆ సాయంత్రం నన్ను పక్కకు పిలిచి ఇట్లా అన్నారు: “బాబూ, నీ చేతిలో పనుంది. ఈ పని శ్రద్ధగా చేసిపెట్టు. హైదరాబాదు యూనివర్సిటీలో మన శాఖ పెద్దాయన దగ్గరికి నిన్ను నేనే స్వయంగా తీసుకుపోతాను. ఆయన ఊ అంటే నీకు ఎమ్మెస్సీ సీటు వచ్చినట్టే.”

నా మార్కులకు సీటు రాదని నాకు తెలుసు. నాకున్నది ఆ ఒక్క దారే. ఊరికి పోయి చెప్తే నాయిన, “గొర్లు యాడికి పోతయి బిడ్డా, సదువుకో పో” అన్నాడు. అప్పటికే ఆయనకు మోకాళ్ళ నొప్పులు. మందను ఇంకొన్నేళ్ళు ఒక్కడే తిప్పుతానని చెప్పడం ఆ మాటకు అర్థం.

ఇక అన్న. నాతోపాటే డెమాన్‌స్ట్రేటర్. మక్తల్ మనిషి. నాకన్నా పెద్ద, పెళ్ళయినవాడు, భార్యాపిల్లలు మక్తల్‌లోనే ఉండేవారు. ఇద్దరం కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాం. వంట ఆయనే చేసేవాడు, నేను వండితే తినలేక. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నన్ను రిక్షాలో వేసుకొని దవాఖానకు తీసుకుపోయి, జ్వరం దిగేదాకా తడిబట్టలు మార్చింది ఆయనే. మా అవ్వ ఒకసారి వచ్చి చూసి, “తోడబుట్టినోడు గూడ గిట్ల చూడడు” అని పోయింది. అవ్వ మాటే నాదీను. ఇప్పుడు తల్చుకుంటే అవ్వ మీద కూడా కోపం వస్తుంది, ఏం చేయను.

కొండ పురుగుల సీసా రాకముందు, ఆ చలికాలమంతా మేం జొన్న పేనుబంకతో చెయ్యి అలవాటు చేసుకున్నాం. చేలో ఏరుకొచ్చి, స్పిరిటులో వేసి, పెద్ద సీసా ఒకటి నింపి పెట్టుకున్నాం. వెదురు పుల్లకు గుచ్చిన కుట్టు సూదులతో, ఉప్పునీటి చుక్కలో, భూతద్దం కింద పొట్ట విప్పేవాణ్ణి. కడుపులో సన్నని గొట్టాలు రెండు వైపులా గుత్తిగా ఉంటాయి. ఒక్కో గొట్టం కొసన ఉబ్బెత్తుగా చిన్న గది. అందులోనే గుడ్డు మొదలయ్యేది, దానికి తిండి పెట్టే పోషక కణాలు ఉండేది. అక్కడి నుంచి కిందికి వరసగా పిండాలు. చిన్నది, దానికన్నా పెద్దది, అన్నిటికన్నా కింద పుట్టడానికి సిద్ధంగా ఉన్నది. దాని తల మీద రెండు ముదురు చుక్కలు కనిపిస్తాయి, అవి కళ్ళు. మొదటిసారి చూసినప్పుడు ఎన్నున్నాయో లెక్కపెట్టాను. ఆ కడుపు మా గొర్రెల దొడ్డి కన్నా నిండుగా ఉంది.

సెలవులొచ్చాయి. సారు ఊరికి పోతూ తాళంచెవి అన్నకు ఇచ్చి, “ఎండలకు స్పిరిటు ఎగిరిపోతుంది. చూసుకుంటూ పోస్తూ ఉండు. ఆ కొండ సీసా బిరడా అసలే వదులు” అని చెప్పారు. నేను ఉంటానన్నాను. అన్న ఒప్పుకోలేదు. “నువ్వు పో తమ్మీ. గొర్ల కాడ నాయినకు ఆసరయితవు. నేనున్న గద, నీకేం ఫికర్?” అన్నాడు. నేను ఫికర్ లేకుండానే పోయాను.

తిరిగి వచ్చేసరికి అల్మారాలో ఒకే సీసా ఉంది. “జొన్న పేను సీసా ఎండిపాయె తమ్మీ, పారేసిన. కొండ సీస మాత్రం కాపాడిన” అన్నాడు అన్న. కొండ సీసా మూత సరిగా లేదని అందులోని పురుగుల్ని ఆ ఖాళీ అయిన పెద్ద సీసాలోకి మార్చానని కూడా చెప్పాడు. దూది పొర ఏదని నేను అడిగితే ఎండల వేడికి స్పిరిటులో కరిగిందన్నాడు. అది మైనంలాంటి పదార్థమని పుస్తకంలో ఉంది కాబట్టి కరిగిందంటే నమ్మాను. సారు కూడా “పోనీలే, అసలుది దక్కింది” అని అన్న భుజం తట్టారు.

పని మొదలుపెట్టే రోజు అన్న కొత్త పద్ధతి ఒకటి చెప్పాడు. అంతకుముందు పురుగును పట్టుకున్న దగ్గరనుంచి పొట్ట విప్పేదాకా అంతా నేనే చేసేవాణ్ణి. ఇప్పుడు ఆయన, “తమ్మీ, ఉత్తగ నీ కండ్లెందుకు గుంజుకుంటవు? తల, తోక నేను కోసిస్త. నువ్వు కడుపొక్కటి చూడు” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా ఊర్లో యాటను, అంటే గొర్రెను, కోసి వాటాలుగా పోగులు వేస్తే తలకాయ, కాళ్ళు ఒకరికి, పొట్ట, పేగులు ఉండే బోటి ఒకరికి పోతుంది. ఆ మాటే చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, “అయితె బోటి నీదే పో” అన్నాడు.

ఆ నవ్వులో నేను మరిచిపోయింది ఒకటుంది. మరిచిపోవడం కాదు, మా ఇళ్ళల్లో అట్లాగే పెరిగాం. పోగులు పడ్డాక ఎవరి పోగు వారిది. పక్కవాడి పోగులోకి తొంగిచూస్తే, నీ పంపకం మీద నాకు నమ్మకం లేదని మొహాన చెప్పినట్టు. అట్లా తొంగిచూసినందుకే మా నాయిన మాట్లాడటం మానేసిన చుట్టాలు ఉన్నారు. కాబట్టి అన్న గాజుపలక మీద కుప్పగా పడే తలలను, తోకలను నేను ఎన్నడూ చూడలేదు. ఆయన బ్లేడు మొనతో రెండు కొసలు తీసేసి నడిమి ముక్కను నా గాజుపలక మీదికి జార్చేవాడు. నేను దాన్ని విప్పేవాణ్ణి. మధ్యమధ్య ఆయన మక్తల్ సంతలో ఎద్దుల బేరాల గురించి కథలు చెప్పేవాడు. చెయ్యి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు.

మొదటి కడుపు విప్పగానే, గుడ్లుండాల్సిన చోట నాకు పిండాలు కనిపించాయి.

నమ్మలేదు. రంగు వేసి మళ్ళీ చూశాను. వరసగా పిండాలు, కింది దాని తల మీద రెండు చుక్కలు. గుడ్డుకు కళ్ళెక్కడివి? ఇంకొకటి విప్పాను, అదీ అంతే. “అన్నా, ఇవి జొన్న పేను కడుపు లెక్కనే ఉన్నయి!” అని అరిచాను.

అన్న తల ఎత్తలేదు. “ఒక్క వంశం గద తమ్మీ, కడుపు వేరెట్లుంటది?” అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, “సారుకు ఇప్పుడే చెప్పకు. జర ఆగు” అన్నాడు. నా పేరు పైకి వస్తుందని ఆయనకు కష్టంగా ఉందేమో అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు ఆ రోజు నన్ను నేనే తిట్టుకున్నాను కూడా. ఆయన నోరు తెరిచి నిజం చెప్పడానికి దేవుడిచ్చిన గడియ అది. చెప్పలేదు. బ్లేడు తుడుచుకొని ఇంకో పురుగును పట్టుకున్నాడు.

సారుకు చెప్పకుండా నేను ఉండలేకపోయాను. ఆయన స్లైడు మీద వంగి చాలాసేపు లేవలేదు. లేచేసరికి కళ్ళు చెమర్చి ఉన్నాయి. “పాత శాఖ కూడా పిల్లల్ని కంటుందన్నమాట! పుస్తకాలన్నీ తిరగరాయాలి!” అన్నారు. స్లైడులు తప్ప ఆయన సీసా వైపు చూడనేలేదు. పురుగు పైరూపం పుస్తకంలో ఉండనే ఉంది, కొత్తగా తెలుసుకోవలసింది కడుపే కదా. ఆ వానాకాలమంతా పనిచేశాం. నాకు బొమ్మలు గీయడం వచ్చు, అవీ గీశాను. అన్న ముక్కలు కోసి ఇస్తూనే ఉన్నాడు.

సారు మాట నిలబెట్టుకున్నారు. హైదరాబాదులో చిన్న సభ ఒకటి జరుగుతుంటే నన్ను వెంట తీసుకుపోయారు. అన్న కాలేజీలోనే ఉండిపోయాడు. బస్సెక్కించడానికి వచ్చి నా చొక్కా కాలరు సరిచేశాడు.

సారు మాట్లాడటం అయ్యాక పెద్దాయన లేచారు. బక్కపలచని మనిషి, గొంతు పెంచరు. బొమ్మలు బాగున్నాయన్నారు, కోత శుభ్రంగా ఉందన్నారు. ఎవరు చేశారని అడిగితే సారు నన్ను చూపించారు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అప్పుడాయన, “కొయ్యని పురుగు ఒకటి చూడవచ్చునా?” అని అడిగారు. సారు గర్వంగా సంచిలోంచి సీసా తీసిచ్చారు.

ఆయన ఒకదాన్ని గాజుపలక మీద వేసి, భూతద్దం కింద పెట్టి, చూసి, నన్ను దగ్గరికి పిలిచారు. “నువ్వే చూడు బాబూ” అన్నారు. వంగి చూశాను. పురుగు వెనకభాగాన, రెండు పక్కలా, రెండు పొట్టి నల్లటి గొట్టాలు. మామూలు పేనుబంకకు ఉండేవి, ఆ పాత శాఖ పురుగుకు ఎన్నడూ ఉండనివి. డిగ్రీ చదివే పిల్లవాడు కూడా చెప్పగలడు.

“ఇది మీ చేలల్లో దొరికే జొన్న పేను కదా” అన్నారాయన. కోపంగా అనలేదు, జాలిగా అన్నారు. వెనక ఎవరో నవ్వారు. సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు మాత్రం చెవుల్లో ఒకటే మోగుతోంది: ఆ గొట్టాలుండేది తోక వైపు. తోక వైపు ముక్క నా దాకా ఎన్నడూ రాలేదు.

తిరుగు ప్రయాణంలో సారు నన్ను వదిలి బస్సులో ముందు సీటుకు పోయి కూచున్నారు. మర్నాడు పొద్దున ఇద్దరినీ తన గదికి పిలిచి, “సీసాలో ఉండాల్సింది ఏమైంది? ఇదెట్లా వచ్చింది?” అని అడిగారు. నేను అన్న వైపు చూశాను. ఆయనే చెప్పాలి, చెప్తాడు అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను.

అన్న ఒక అడుగు ముందుకు వేశాడు. “సార్, సీసల స్పిరిటు పోసుడు వరకె నా పని. కోత, చూసుడు, గీసుడు అంత తమ్మునిదే. ఎండకాలం ఆ సీస ఎండిపోతె నేనే వానికి చెప్పిన. సారుకు చెప్తె కోపం జేస్తడు, సీటు పోతదని భయపడి జొన్న పేను నింపిండు. వాని ముఖం చూసి నేను గూడ సీస దక్కిందని మీకు చెప్పిన” అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, “చిన్నోడు సార్. తెల్వక చేసిండు. ఈ ఒక్కసారికి మాఫ్ చెయ్యుండ్రి” అన్నాడు.

తను చేసినదానికి నా తరఫున క్షమాపణ అడిగాడు! కాదు అని ఎన్నిసార్లు అనబోయానో, ఒక్కసారి కూడా మాట బయటికి రాలేదు. ఎవరైనా అబద్ధం ఆడితే ఎదురు చెప్పవచ్చు. భుజం మీద చెయ్యి వేసి, ప్రేమగా, నన్ను కాపాడుతున్నట్టు అబద్ధం ఆడితే ఏం చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు. నేను మాట్లాడకపోవడమే సారుకు ఒప్పుకోలు అయింది. “సంతోషం బాబూ. ఇక నువ్వు రానవసరం లేదు” అన్నారు.

మధ్యాహ్నం గదికి పోయి పెట్టె సర్దుకుంటుంటే అన్న వచ్చాడు. గడప దగ్గరే కూలబడ్డాడు. సెలవుల్లో సారు ఊరికి పోగానే తనూ తాళం వేసి మక్తల్ పోయాడట. వచ్చి చూసేసరికి కొండ సీసా అడుగున పొడి తప్ప ఏమీ లేదట. “నౌకరి పోతదనుకున్న తమ్మీ. ఇద్దరు పిల్లలు. నీకు మంద ఉన్నది, నాయిన ఉన్నడు. నాకేమున్నది?” అంటూ ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. అప్పటికి కూడా ఆ మనిషి మీద జాలి పడటానికి నాలో ఎక్కడో చోటుంది.

“సీస మార్చినవు, సరే. భయపడ్డవు, అదీ సరే” అన్నాను. “తోక ఎందుకు కోసినవన్నా? రోజూ నా పక్కన కూసోని, నాతోని మాట్లాడుకుంట, ఒక్కోదాని తోక ఎట్ల కోసినవు?”

ఆయన కళ్ళు తుడుచుకొని నా మొహంలోకి సూటిగా చూశాడు. అడగకూడనిది అడిగినట్టు కాదు, అడగక్కర్లేనిది అడిగినట్టు చూశాడు.

“సారొక్కడె అయితె కొయ్యకపోదును తమ్మీ. సారు చూడడు. నువ్వు చూస్తవు. ఒక్క చూపుల పట్టుకుందువు. నీ కన్ను ఎట్లాంటిదో నాకంటె ఎక్వ ఎవలకెరుక?”

అది వెక్కిరింత కాదు, సాకు కూడా కాదు. నిజంగా మెచ్చుకుంటున్నాడు. పెట్టె ఎత్తుకొని ఆయన్ని దాటుకొని బస్టాండుకు నడిచాను. ఆ తర్వాత కేతేపల్లి చుట్టుపక్కల బడుల్లో సైన్సు చెప్పుకుంటూ బతికాను. మంచి టీచరని అన్నవాళ్ళున్నారు, దండలు వేసినవాళ్ళున్నారు. కానీ నా పని తెలిసి, దాని విలువ సరిగ్గా తూచి మెచ్చుకున్నవాడు ఇంతవరకూ ఆయనొక్కడే. అందుకే ఆయన్ని నేను ఈనాటికీ క్షమించలేదు.